శేషాచలం మదనకామాక్షి: చట్టాలున్నా తప్పని ముప్పు

తిరుపతి, కడప కొండల్లో రాళ్ల సందుల్లో పొట్టి ఈతచెట్టులా కనిపించే పొద ఒకటుంది. ఈతతో దానికి చుట్టరికం లేదు. డైనోసార్ల కంటే ముందే పుట్టిన సైకడ్ వంశానికి చెందిన మొక్క అది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు.

మద్రాసు అటవీ శాఖను 1860 నుంచి 1882 వరకు నడిపిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ దీన్ని కడప కొండల్లో సేకరించారు. 1883లో వృక్షశాస్త్రవేత్త తిసిల్టన్ డయర్ ఆయన పేరు మీదే సైకస్ బెడ్డోమి అని నామకరణం చేశారు. మనవాళ్లు మాత్రం దీన్ని మదనకామాక్షి అంటారు. ఆ పేరే దీనికి ముప్పు తెచ్చిన వాడకాన్ని చెబుతుంది. మగ మొక్క నడినెత్తిన వచ్చే, పుప్పొడి ఉండే కంకిలాంటి శంకువును (కోన్) బలానికి, మగతనానికి మందని నాటువైద్యంలో వాడతారు, అమ్ముతారు.

ఈ మొక్కల్లో ఆడ, మగ వేరువేరు. మగ శంకువును పుప్పొడి రాలకముందే కోసేస్తే చుట్టుపక్కల ఆడ మొక్కలకు గింజ కట్టే దారి ఉండదు. కోసిన మొక్క బతికే ఉంటుంది కాబట్టి నష్టం కంటికి కనబడదు. అడవి పచ్చగానే ఉంటుంది, పిల్ల మొక్కలే ఉండవు. దీనికి తోడు కార్చిచ్చు. ముదురు కాండం మంటను తట్టుకుని మళ్లీ చిగురిస్తుంది గానీ లేత మొక్క తట్టుకోలేదు.

రక్షణ కాగితం మీద గట్టిదే. అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైట్స్ ఒప్పందం 1987లో దీన్ని అన్నిటికన్నా కఠినమైన జాబితా అయిన మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసింది. 1991 సవరణతో మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అప్పటి ఆరో షెడ్యూల్లోకి, అంటే రక్షిత మొక్కల జాబితాలోకి వచ్చింది (2022 సవరణ తర్వాత ఆ జాబితా మూడో షెడ్యూల్ అయింది). అడవి నుంచి కోయడం, పెకలించడం నేరమైంది. గిరిజనులు సొంత వాడకానికి తీసుకోవడాన్ని చట్టం మినహాయించింది, అది న్యాయమే. అసలు చిక్కు అమ్మకంతోనే. ఇదే కొండల్లో ఎర్రచందనం దుంగలను పట్టుకోవడానికి చెక్‌పోస్టులు, టాస్క్‌ఫోర్సు ఉన్నాయి. చేతిసంచిలో పట్టే శంకువు మీద ఆ నిఘాలో పదో వంతు కూడా లేదన్నది నా బాధ.

నర్సరీల్లో పెంచి మందు అవసరం తీర్చవచ్చని కొందరంటారు. పెంచాలన్నా లైసెన్సు కావాలి. పైగా శంకువు వేసేదాకా ఏది మగో ఏది ఆడో తెలియదు, అందుకు ఏళ్లు పడుతుంది. అందుకే కొండ మీద ఇప్పటికే ఎదిగి ఉన్న మగ మొక్కలను, శంకువు వేసే కాలంలో కాపలా పెట్టి కాపాడటం ముందు జరగాలి.