కుడి చేత్తో కందులు ఏరిన సుబేదారు

మా చిన్నాన్నది గిద్దలూరు దగ్గర పల్లె. ఆ వైపు మిలిటరీలో చేసినవాళ్ళు ఊరూరా ఉంటారు. ఆయన సుబేదారుగా రిటైరై వచ్చాక పక్షవాతం వచ్చి కుడి చెయ్యి సగం పడిపోయింది. చిన్నమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది, చొక్కా గుండీలు తనే పెట్టేది. ఆ సేవ వల్లే చెయ్యి మరింత మొద్దుబారుతోందని మాకు ఆరు నెలలదాకా తెలియలేదు.

వాడని చేతిని మెదడు మెల్లగా వదిలేస్తుంది. 1996లో అమెరికా నాడీ శాస్త్రవేత్త రాండాల్ఫ్ నూడో బృందం కోతుల మీద చేసిన ప్రయోగం ఈ సంగతి తేల్చింది. చేతిని కదిలించే మెదడు భాగంలో కొంత దెబ్బతిన్నాక, చెయ్యి వాడని కోతుల్లో దెబ్బతినని పక్క భాగం కూడా కుంచించుకుపోయింది. చిన్న గుంటల్లోంచి తిండి గింజలు వేళ్ళతో తీయడం రోజూ నేర్పిన కోతుల్లో ఆ భాగం నిలిచింది. కొన్నిటిలో మోచేతికి, భుజానికి చెందిన చోటులోకి కూడా విస్తరించింది. ఈ మాట చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆక్యుపేషనల్ థెరపీ దారి కూడా ఇదే, పని చేయిస్తూ బాగుచేయడం. పేరు చూసి ఉద్యోగానికి సంబంధించినదేమో అనుకుంటాం. తినడం, బట్టలు కట్టుకోవడం, స్నానం చేయడం లాంటి రోజువారీ పనులే ఇక్కడ మందు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు చేసిన వైద్యంతోనే ఇది అమెరికాలో విస్తరించింది. మన దేశంలో 1950లో ముంబైలో కమలా నింబ్కర్ దీనికి తొలి బడి పెట్టారు.

థెరపిస్టు మొదట అడిగింది ఒకటే: "మీరు మళ్ళీ ఏ పని చేసుకోవాలి సార్?"

"ముద్ద కలుపుకోవాలమ్మా. ఎడం చేత్తో తినలేను."

పళ్ళెంలో కందులు పోసి, ఒక్కో గింజా ఏరి గిన్నెలో వేయమంది. ఎన్నిసార్లన్నదే ముఖ్యం. అమెరికా, కెనడాల్లో థెరపీ సెషన్లను గమనించి 2009లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒక సెషన్‌లో బలహీనమైన చేత్తో చేయించే పనికొచ్చే కదలికలు సగటున 32. జంతువుల మీద ప్రయోగాల్లో అవి వందల్లో ఉంటాయి. మిగతాది ఇంట్లోనే జరగాలి. డ్రిల్లు చేసిన మనిషి కాబట్టి చిన్నాన్న లెక్క తప్పలేదు.

బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పని చేయించే పద్ధతి కూడా ఉంది. మణికట్టు, వేళ్ళు కొంతైనా కదిలేవాళ్ళకే అది పనికొస్తుంది, థెరపిస్టు చెప్పాకే మొదలుపెట్టాలి. ఇంకోటి, లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగకండి, భుజం కీలు జారుతుంది.

చిన్నాన్న ఇప్పుడు పప్పన్నం తనే కలుపుకుంటారు. చొక్కా పై గుండీ మాత్రం ఇంకా పట్టుబడలేదు. దానితో ఆయన తంటాలు పడే ఆ పది నిమిషాలూ చిన్నమ్మ వాకిట్లోకి వెళ్ళిపోతుంది.