వేట కార్టూన్లలో పవర్ ఎక్కడుంటుంది? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో పొలిటికల్ కార్టూన్లు గీస్తుంటా. ఎంజీ రోడ్ పక్కన కార్టూన్ గ్యాలరీలో మన తెలుగు పిల్లలు కలిసినప్పుడల్లా వేట బొమ్మల గురించి ఇవే మాటలు వినిపిస్తున్నాయి, అందుకే ఈ పోస్ట్.

అపోహ: తుపాకీ ఎవడి చేతిలో ఉంటే పవర్ వాడిదే.

వాస్తవం: కాదండి. 1902 నవంబర్‌లో వాషింగ్టన్ పోస్ట్‌లో క్లిఫర్డ్ బెరీమన్ వేసిన బొమ్మ చూడండి. అమెరికా ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ (ముద్దుపేరు టెడ్డీ) మిసిసిపీకి ఎలుగుబంటి వేటకెళ్తే ఆయనకి ఒక్కటీ దొరకలేదు, వెంట ఉన్నవాళ్లు ఒకదాన్ని పట్టి చెట్టుకి కట్టేసి కాల్చమన్నారు, ఆయన కాల్చనన్నాడు. బొమ్మలో తుపాకీ మడమ నేల మీద ఆనించి ఉంటుంది, ఆయన ఎలుగుబంటి వైపు వీపు పెట్టి వద్దన్నట్టు చెయ్యి చాపుతాడు, వెనకాల ఇంకొకడు తాడు పట్టుకుని ఉంటాడు. పవరంతా ఆ చేతిలోనే ఉంది! టెడ్డీ బేర్ పుట్టింది కూడా ఈ కథ నుంచే. కానీ అసలు ఎలుగుబంటి బతకలేదు, బాగా దెబ్బలు తిని ఉందని, దాని బాధ తీర్చేయమని ఆయనే చెప్తే కత్తితో పొడిచి చంపారు. బొమ్మలో ఆ ముక్కే లేదు. తర్వాత బెరీమన్ దాన్ని ఇంకా చిన్నగా, ముద్దుగా గీస్తూ పోయాడు, అది పిల్ల అయ్యేకొద్దీ ఆయన దయ పెద్దదైంది. కార్టూన్ నేర్చుకునేవాళ్లు జంతువు సైజు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి.

అపోహ: బొమ్మల్లో పులి ఎప్పుడూ బలయ్యేదే.

వాస్తవం: టిప్పు సుల్తాన్ చెక్క పులి తెల్ల సోల్జర్ మీద పడి ఉంటుంది, హ్యాండిల్ తిప్పితే పులి గాండ్రిస్తుంది, వాడు మూలుగుతాడు. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక ఇంగ్లీషోళ్లు పట్టుకుపోయారు, ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ గెలుపు కోసం వాళ్లు కొట్టించిన మెడల్ మీద సింహం పులిని తొక్కేస్తుంటుంది. మళ్లీ 1857 సిపాయిల తిరుగుబాటప్పుడు, ఆగస్టులో, పంచ్ అనే ఇంగ్లీషు వ్యంగ్య పత్రికలో కార్టూనిస్ట్ టెనియెల్ బెంగాల్ పులి మీదకి బ్రిటిష్ సింహాన్ని దూకించాడు. తిరగబడింది సిపాయిలు, మనుషులండి వాళ్లు! మనిషిని పులిగా గీసేస్తే వాణ్ణి ఉరితీసినా చదివేవాడికి న్యాయంగానే అనిపిస్తుంది, ఆ బొమ్మ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అపోహ: 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేట బంద్ అయింది, ఈ సింబల్ పాతబడింది.

వాస్తవం: వేట సంగతి ఎలా ఉన్నా, సింబల్ అస్సలు పాతబడలేదు. దొరల వేటల్లో దొర మంచె మీదో ఏనుగు మీదో కూర్చుంటే, డప్పులు కొట్టుకుంటూ పులిని ఆయన ముందుకి తోలేది ఊరి జనం. నేను వేట కార్టూన్ వేస్తే ముందు ఆ డప్పులోళ్లనే గీస్తా, లీడర్‌ని దూరంగా మంచె మీద చిన్నగా పెడతా, ఎందుకంటే ఎలక్షన్ల ముందు ప్రత్యర్థిని అటు తోలుకొచ్చేది ఎవరో జనం చూడాల్సింది అక్కడే.