దగ్గర దూరానికి స్కోపు: నా దగ్గరికొచ్చే అపోహలు, అసలు వాస్తవాలు

విజయనగరంలో ఎయిర్ రైఫిల్ కాల్చడం నేర్పిస్తుంటాను. బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస, పలాస వైపు నుంచి కూడా గన్ను సంచిలో పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది మొదట అడిగేది స్కోపు గురించే, అంటే గన్ను మీద బిగించి గురి చూసే దుర్భిణి గురించి. "మాస్టారూ, మూడు నాలుగు వేలల్లో మంచి స్కోపు ఏదుంటాది?" అని. అప్పటికే కొనేసి వచ్చినవాళ్ల స్కోపులు చూస్తే బాధేస్తుంది. అవేమీ పాడైన సరుకు కాదు, కానీ వంద గజాల దూరానికి తయారైనవి. వీళ్లు కాల్చేది పది మీటర్లు.

కింద రాసినదంతా 10 నుంచి 25 మీటర్ల లోపు కాగితం టార్గెట్ మీద 4.5 మి.మీ. పెల్లెట్ కాల్చేవాళ్ల కోసం. దూరపు షూటింగుకు లెక్కలు వేరు.

అపోహ: పిల్లలు పోటీలకు వెళ్లాలంటే మంచి స్కోపు కావాలి

ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రుల డబ్బు ఇక్కడే వృథా అవుతోంది. ఒలింపిక్స్‌లో చూసే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపు నిషేధం. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినా, 2012లో లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచినా, వాళ్ల రైఫిల్ మీద ఉన్నది పీప్ సైటు. వెనక చిన్న రంధ్రం, ముందు ఒక రింగు, ఆ రింగు మధ్యలో టార్గెట్ నల్ల చుక్క. అంతే. పెద్దగా చూపించే ఏర్పాటు అందులో ఉండదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో 10 మీటర్ల దగ్గర స్కోపు ఒప్పుకునేది కదిలే టార్గెట్ పోటీలో మాత్రమే, అదీ 4 రెట్లకు మించకుండా.

అందుకని పోటీలే లక్ష్యమైతే స్కోపు డబ్బు పీప్ సైటుకో, రేంజి ఫీజుకో దాచుకోండి. సరదాగా ఇంటి వెనక సురక్షితమైన చోట కాల్చేవాళ్లు, బల్ల మీద ఆన్చి గురి చూసుకునేవాళ్లు, చూపు తగ్గి ఓపెన్ సైటు (గన్ను మీద ఉండే మామూలు గురి గుర్తులు) మసకగా కనిపించే పెద్దవాళ్లు, వీళ్లకు స్కోపు నిజంగా ఉపయోగం.

అపోహ: ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తే గురి అంత బాగుంటుంది

"24 రెట్లది ఉంది, 9 రెట్లది ఎందుకు?" అని అడుగుతారు. 4 రెట్ల స్కోపులో 10 మీటర్ల టార్గెట్ రెండున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. నిలబడి కాల్చడానికి అది చాలు. రెట్లు పెంచితే టార్గెట్‌తో పాటు మీ చేతి వణుకూ పెద్దదవుతుంది. నిజానికి వణుకు ముందున్నంతే ఉంది, కానీ క్రాస్‌హెయిర్ (స్కోపులో కనిపించే అడ్డం, నిలువు గీతలు) అటూ ఇటూ పరుగెత్తడం చూసి టెన్షన్ పడతారు. మధ్యకు వచ్చిన క్షణంలో ట్రిగ్గర్‌ని గుంజేస్తారు. కొత్తవాళ్ల షాట్లు ఎక్కువగా పాడయ్యేది ఈ గుంజుడు వల్లే.

రెట్లు పెరిగేకొద్దీ కనిపించే వెడల్పు తగ్గుతుంది, కన్ను పెట్టాల్సిన చోటు ఇరుకవుతుంది. చవక స్కోపుల్లో అయితే పై రెట్ల దగ్గర బొమ్మ మసకబారుతుంది కూడా. బల్ల మీద ఇసుక సంచి వేసి 25 మీటర్లు కాల్చేవాళ్లు 9, 12 దాకా వెళ్లొచ్చు. మిగతావాళ్లకు 4×32 గానీ, 3-9×40 గానీ సరిపోతుంది. ఇందులో ముందు అంకె రెట్లు, వెనక అంకె ముందు లెన్సు వెడల్పు మి.మీ.లలో.

అపోహ: దగ్గర దూరమే కదా, ఏ స్కోపైనా ఒకటే

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. దగ్గర దూరమే స్కోపుకు కష్టమైన పని. కారణం పారలాక్స్.

స్కోపు లోపల టార్గెట్ బొమ్మ ఒక చోట ఏర్పడుతుంది, క్రాస్‌హెయిర్ గీతలు ఒక చోట ఉంటాయి. రెండూ ఒకే తలం మీద కలిస్తే కన్ను కొంచెం కదిలినా గీత టార్గెట్ మీద నుంచి జరగదు. కలవకపోతే, గన్ను కదలకపోయినా తల కదిలితే గురి కదిలినట్టు కనిపిస్తుంది. ముందు రింగు తిప్పే వీలు లేని మామూలు స్కోపులు ఎక్కువగా 100 గజాలకు, అంటే సుమారు 91 మీటర్లకు ఈ రెండూ కలిసేలా బిగించి వస్తాయి. .22 రైఫిళ్ల కోసం చేసినవి సాధారణంగా 50 గజాలకు ఉంటాయి.

లెక్క చూడండి. ముందు లెన్సు 40 మి.మీ. ఉండి, 91 మీటర్లకు బిగించిన స్కోపుతో 10 మీటర్లు కాల్చితే, కన్ను పూర్తిగా ఒక పక్కకు పోయినప్పుడు గురి తప్పు దాదాపు 18 మి.మీ. దాకా రావచ్చు. 10 మీటర్ల పోటీ టార్గెట్‌లో రింగుకూ రింగుకూ మధ్య దూరం 2.5 మి.మీ., పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అంటే మీ గన్ను, మీ చెయ్యి రెండూ సరిగ్గా ఉన్నా ఏడు రింగులు పోగొట్టుకోవచ్చు. అదే స్కోపుతో 50 మీటర్లు కాల్చితే ఈ తప్పు సగానికి తగ్గుతుంది. దగ్గరైతే తేలిక అనుకోవడం ఎందుకు పొరపాటో ఇక్కడే తెలుస్తుంది.

అందుకే కొనేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం ఇది: ముందు లెన్సు చుట్టూ గానీ, పక్కన గుండ్రటి నాబ్ మీద గానీ దూరం అంకెలు ఉన్నాయా? వాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఎంత? 10 గజాలు అంటే 9 మీటర్ల చిల్లర, మన పనికి సరిపోతుంది. ముందు రింగు తిరిగే రకాన్ని ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) అని అమ్ముతారు. పక్క నాబ్ ఉన్నవి ఖరీదెక్కువ. ఆ అంకెలను గుడ్డిగా నమ్మకండి. చవక వాటిలో 10 అని రాసిన చోట నిజంగా 12 ఉండొచ్చు. దుకాణంలో అయితే అడుగులు కొలుచుకుని, 33 అడుగుల దూరంలో గోడకు వార్తాపత్రిక అంటించి, ఎక్కువ రెట్ల మీద చిన్న అక్షరాలు చదవగలరేమో చూడండి. తరువాత స్కోపును కదలకుండా ఉంచి తల మాత్రం పైకీ కిందికీ కదపండి. గీత అక్షరం మీద నిలబడిపోతే ఆ స్కోపు మీకు పనికొస్తుంది.

ఇప్పటికే రింగు లేనిది కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. ముందు లెన్సు మూతకు సరిపడే నల్ల అట్టముక్క కత్తిరించి మధ్యలో 15 మి.మీ. రంధ్రం చేసి పెట్టండి. పైన చెప్పిన 18 మి.మీ. తప్పు 7 మి.మీ. లోపలికి వస్తుంది, బొమ్మ కూడా తేటపడుతుంది. వెలుతురు తగ్గుతుంది గనుక పగలు, 4 రెట్ల దగ్గరే వాడండి. ఇంకో అలవాటు కూడా చేసుకోండి: తల కొంచెం వెనక్కి జరిపి, స్కోపు అంచు చుట్టూ నల్లటి నీడ అన్ని వైపులా సమానంగా కనిపించేలా కన్ను మధ్యకు తెచ్చుకోవడం. దవడ ప్రతిసారీ గన్ను కట్టె మీద అదే చోట ఆనితే పారలాక్స్ చాలావరకు మిమ్మల్ని బాధించదు.

కొందరు ముందు లెన్సు మర విప్పి దగ్గరికి సర్దుకుంటారు. పని చేస్తుంది, కానీ తేమ పట్టకుండా లోపల నింపిన నత్రజని పోతుంది, సీలు పోతుంది. మన సముద్రపు గాలిలో ఆ స్కోపు ఎంతకాలం తేటగా ఉంటుందో చెప్పలేం. నేనైతే అలా చేయమని ఎవరికీ చెప్పను.

ఇక్కడే ఇంకో మాట. కంటి వైపు ఉండే రింగు టార్గెట్‌ను ఫోకస్ చేయడానికి కాదు, గీతలు మీ కంటికి స్పష్టంగా కనిపించేలా సర్దడానికి. తెల్ల గోడ వైపో, సూర్యుడు లేని ఆకాశం వైపో చూస్తూ ఒకసారి సర్దుకుని వదిలేయాలి.

అపోహ: గాలి తుపాకీకి కుదుపు ఉండదు, ఏ స్కోపైనా తట్టుకుంటుంది

బ్యారెల్ మడిచి స్ప్రింగు ఎక్కించే గన్నులే మన దగ్గర ఎక్కువ. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, గన్ను వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివర ఆగగానే గన్ను ఒక్కసారిగా ముందుకు గుంజుకుంటుంది. మందుగుండు రైఫిల్ వెనక్కే తన్నుతుంది గనుక దాని కోసం చేసిన స్కోపు లోపలి భాగాలు ఆ ఒక్క దిశకే గట్టిగా ఉండొచ్చు. పెద్ద రైఫిల్ మీద ఏళ్ల తరబడి పనిచేసే స్కోపు స్ప్రింగు గన్ను మీద గీతలు తెగి, లెన్సు వదులై పాడవడం అందుకే. ఎయిర్ గన్ కోసమే తయారైందని, స్ప్రింగు కుదుపు తట్టుకుంటుందని తయారీదారు రాసి ఉంటేనే కొనండి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూ దొరికే 4×20 సన్న గొట్టం స్కోపులు ఈ కుదుపుకు నిలబడవు.

స్కోపును గన్నుకు పట్టి ఉంచే మౌంటు కూడా అంతే ముఖ్యం. గన్ను పైన గాడి వెడల్పు ముందు కొలవండి. ఎయిర్ గన్నుల్లో ఎక్కువగా 11 మి.మీ. డవ్‌టెయిల్ ఉంటుంది. స్కోపుతో ఉచితంగా వచ్చే రింగులు చాలాసార్లు పికటిన్నీ రైలు అనే ఇంకా వెడల్పైన పట్టాకు చేసినవి. అవి కూర్చోవు. స్కోపు గొట్టం 25.4 మి.మీ.నా, 30 మి.మీ.నా కూడా చూసుకోవాలి. స్ప్రింగు గన్నుకు రెండు విడి రింగుల కన్నా ఒకే ముక్కగా వచ్చే మౌంటు, కింద ఆపుడు పిన్ను ఉన్నది మేలు. లేకపోతే ప్రతి షాటుకూ స్కోపు కొంచెం కొంచెం జరిగిపోతుంది. "నిన్న బాగా తగిలింది, ఇవాళ తగలట్లేదు" అని వచ్చే గన్నుల్లో నేను మొదట చూసేది మౌంటు మరలే.

బిగించే ముందు పది మీటర్ల దూరంలో దారానికి బరువు కట్టి వేలాడదీసి, నిలువు గీతను దాంతో కలపండి. మరలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. ఒక పక్కే బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది.

అపోహ: నాలుగు క్లిక్కులకు ఒక అంగుళం

గురి సర్దే నాబ్‌లు స్కోపు పైనా పక్కనా ఉంటాయి, తిప్పితే క్లిక్కు క్లిక్కుమంటాయి. నాలుగు క్లిక్కుల మాట 100 గజాల దగ్గర నిజం. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్కు 10 మీటర్ల దగ్గర 0.7 మి.మీ. మాత్రమే కదులుతుంది. అంగుళం కదలాలంటే 35 క్లిక్కులు కావాలి. ఇది తెలియక నాలుగు తిప్పి, పెల్లెట్ కదలలేదని స్కోపు వెనక్కి పంపేసినవాళ్లున్నారు.

దగ్గర దూరంలో ఇంకో చిక్కు ఉంది. స్కోపు బ్యారెల్‌కు దాదాపు 4 సెంటీమీటర్ల పైన ఉంటుంది. సెకనుకు 160 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ 10 మీటర్లకు చేరేసరికి 2 సెంటీమీటర్ల దాకా కిందికి జారుతుంది. రెండూ కలిపి 6 సెంటీమీటర్లు సర్దాలంటే ఎనభైకి పైగా క్లిక్కులు ఒక్క ఎత్తుకే ఖర్చు. దీనికి తోడు మడత గన్నుల బ్యారెల్ కొంచెం కిందికి వాలి ఉండటం మామూలే. నాబ్ చివరిదాకా తిప్పేస్తే లోపలి స్ప్రింగు పట్టు వదిలి గురి నిలకడగా ఉండదు. అప్పుడు వెనక రింగు కింద సన్నటి ప్లాస్టిక్ ముక్క పెట్టి, నాబ్‌ను మధ్య భాగానికి తెచ్చుకోవాలి.

10 మీటర్లకు సరిచేసిన ఇదే గన్ను 5 మీటర్ల దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి కొడుతుంది. అది స్కోపు లోపం కాదు.

నాబ్‌లు నమ్మదగినవో కాదో ఇలా చూడండి. గన్ను ఆన్చి, ఒకే చుక్కకు గురిపెట్టి మూడు షాట్లు. పైకి 40 క్లిక్కులు, మూడు షాట్లు. కుడికి 40, కిందికి 40, ఎడమకు 40. చివరి మూడూ మొదటి మూడింటి మీదే పడాలి. పక్కలు సుమారు 3 సెంటీమీటర్లతో చతురస్రం రావాలి. ఇది తేలేదాకా వెనక్కి పంపే గడువు దాటనివ్వకండి.

పెద్ద లెన్సు, లావు గొట్టం, వెలిగే గీతలు

పగటి వెలుతురులో కంటిపాప 2, 3 మి.మీ.కు మించి తెరుచుకోదు. 40 మి.మీ. లెన్సు 9 రెట్ల దగ్గర కూడా 4.4 మి.మీ. కాంతిపుంజం ఇస్తుంది. 50 మి.మీ. లెన్సు వల్ల బరువు, ఎత్తు తప్ప ఏమీ రాదు. 30 మి.మీ. గొట్టం వల్ల సర్దుబాటు పరిధి పెరగొచ్చు, వెలుతురు పెరగదు. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కాగితం టార్గెట్‌కు అక్కర్లేదు.

అపోహ: లైసెన్సు అక్కర్లేని గన్ను కదా, పిట్టల మీద స్కోపు పరీక్షించుకోవచ్చు

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌల్స్ శక్తి, 4.5 మి.మీ. బోరు దాటని ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేదన్నది నిజం. దాంతో పక్షిని కొట్టే హక్కు రాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది, ఎయిర్ గన్నుతో వేటాడినా నేరమే. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు ఎంత దూరం నుంచో పిల్లల్ని పెంచుకోవడానికి వస్తాయి. తేలుకుంచిలో ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి, ఊళ్లోవాళ్లే వాటిని కాపాడుకుంటున్నారు. అలాంటి ప్రాంతంలో పిట్టల మీద గురి చూస్తానన్నవాళ్లకు నేను స్కోపు బిగించి ఇవ్వను.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే ఇక జాగ్రత్త అక్కర్లేదు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉప్పు గాలే. స్కోపును స్పాంజి పెట్టెలో మూసి నెలల తరబడి ఉంచితే ఆ స్పాంజి తేమ పట్టి, లెన్సు మీద సాలెగూడు లాంటి ఫంగస్ వస్తుంది. అది పూతను తినేస్తుంది, తుడిచినా పోదు. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, వాటిని అప్పుడప్పుడు ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కాసేపు ఆగితే అదే పోతుంది. చొక్కా అంచుతో తుడవకండి. ముందు గాలి ఊది దుమ్ము పోగొట్టి, తరువాత లెన్సు గుడ్డ వాడండి.

నాలుగైదు వేలు చేతిలో ఉంటే నేను ఎలా ఖర్చు పెడతానో చెబుతాను. 10 గజాలకు దిగే ఏఓ ఉన్న 3-9×40 ఎయిర్ గన్ స్కోపు, ఆపుడు పిన్ను ఉన్న ఒకే ముక్క మౌంటు. అంత లేకపోతే గట్టి 4×32, పైన చెప్పిన అట్టముక్క. మౌంటు దగ్గర మాత్రం తగ్గను. మిగిలిన డబ్బుతో రెండు మూడు రకాల పెల్లెట్ డబ్బాలు కొని, ఒక్కో రకం అయిదేసి షాట్లు ఒకే చుక్క మీద కాల్చి, ఏవి దగ్గర దగ్గరగా పడ్డాయో ఆ రకంతోనే స్కోపు జీరో చేసుకోండి, అంటే గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా సర్దుకోండి.