పిల్లలకి పాదరసం టెస్ట్: అపోహలు - వాస్తవాలు

టాక్సికాలజీ ల్యాబులో, అంటే ఒంట్లో విషపదార్థాలు ఎంతున్నాయో చూసే చోట పని చేస్తాను. అమ్మానాన్నల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: రక్తమో మూత్రమో, ఏదిచ్చినా తెలిసిపోతుంది.

తెలియదు. చేపల ద్వారా వచ్చే మిథైల్ మెర్క్యురీ (పాదరసంలో ఒక రూపం) ఎర్ర రక్తకణాల్లో చేరి కూర్చుంటుంది, కాబట్టి మొత్తం రక్తం కావాలి, కణాలు తీసేసిన సీరం పంపితే ఉన్నది కూడా లేనట్టే కనబడుతుంది, మూత్రంలోకైతే అది పెద్దగా రాదు. పగిలిన థర్మామీటరు ఆవిరి, ఫెయిర్‌నెస్ క్రీముల్లో కలిపే పాదరసం అయితే మూత్రమే చూడాలి. బిడ్డకి ఏ క్రీమూ రాయలేదంటారు, నిజమే, కానీ అమ్మ రాసుకున్నది చేతుల నుంచి, పక్కబట్టల నుంచి బిడ్డకు చేరుతుంది.

చంటిపిల్లల మూత్రం రోజంతా పట్టడం అయ్యే పని కాదు. ఒక్కసారి పట్టినదాంట్లోని పాదరసాన్నే, మూత్రం పలచనా చిక్కనా అన్న తేడా పోవడానికి, కండల నుంచి వచ్చే వ్యర్థమైన క్రియాటినిన్‌తో భాగిస్తాం. కండ తక్కువ కాబట్టి పసివాళ్లలో క్రియాటినిన్ కూడా తక్కువే, దాంతో పాదరసం లేనిపోని ఎక్కువగా తేలొచ్చు. భాగించకముందు అంకె కూడా అడిగి చూడండి.

అపోహ: వెంట్రుకలు అన్నీ చెప్పేస్తాయి.

చేపల పాదరసం వరకు బాగానే చెబుతాయి. నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతాయి కాబట్టి కుదుళ్ల దగ్గరి 3 సెంటీమీటర్లలో గత 3 నెలల లెక్క ఉంటుంది. ఆవిరికీ క్రీముకీ నమ్మలేం. తిరుపతిలో గుండు చేయించిన వారానికే ఈ టెస్ట్ అడిగితే మేమేం చేస్తాం!

అపోహ: మందిచ్చి మూత్రం పడితే దాక్కున్న పాదరసం బయటపడుతుంది.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మంట. లోహాలను పట్టి మూత్రంలోకి తెచ్చే చెలేషన్ మందు వేస్తే ఎవరికైనా మూత్రంలో అంకె పెరుగుతుంది, దాన్ని మందు వేసుకోని వాళ్ల పరిమితితో పోల్చి 'ఎక్కువ' అని రాసిచ్చేస్తారు, ఆపైన చికిత్స అంటూ డబ్బు గుంజుతారు. ఆటిజం పిల్లల తల్లిదండ్రులే దీనికి ఎక్కువగా బలవుతున్నారు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో చెలేషన్ చేస్తుండగా ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు చనిపోయాడు.

అపోహ: థర్మామీటరు పాదరసం మింగితే ప్రాణం మీదకొస్తుంది.

పేగుల్లో దాదాపు ఇంకదు, గాజు ముక్కల సంగతే చూసుకోవాలి. పీల్చిన ఆవిరి మాత్రం 80 శాతం దాకా ఒంట్లో ఉండిపోతుంది. అందుకే ఒలికిన పాదరసం ఎత్తడానికి చీపురు, వాక్యూమ్ క్లీనర్ వద్దు, వాటితో ఆవిరి ఇంకా లేస్తుంది.

అపోహ: రక్తంలో 5.8 దాటితే విషమెక్కినట్టే.

లీటరుకు 5.8 మైక్రోగ్రాములు అనేది బొడ్డుతాడు రక్తానికి సంబంధించి అమెరికా వాళ్లు పెట్టుకున్న గీత, బిడ్డపై ప్రభావం కనబడొచ్చని లెక్కవేసిన 58ని 10తో భాగించి మరీ జాగ్రత్తగా గీసింది. 6 వస్తే నేను అడిగేది ఇంట్లో ఏ చేప, వారానికి ఎన్నిసార్లు అని. సొరలాంటి పెద్ద వేటచేపలు ఆపి నెత్తళ్లు పెట్టండి, సుమారు 50 రోజులకి సగానికి దిగుతుంది, అప్పుడు మళ్లీ రక్తం ఇవ్వండి.