వేసవి సెలవుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న మనవలకు పెట్టె సర్దుకోవడం గురించి

రాజమహేంద్రవరం

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఏప్రిల్‌లో పరీక్షలు ముగియగానే మీరిద్దరూ ఫ్రీమాంట్‌లో ఉన్న పిన్ని ఇంటికి వెళ్తున్నారనీ, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో నగరం చూసి రావాలనుకుంటున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. అమెరికా అనగానే మంచు గుర్తుకొచ్చి, మీ నాన్నగారు ఇద్దరికీ మోకాళ్ల దాకా వచ్చే దళసరి కోట్లు కొనబోతున్నారని కూడా చెప్పింది. వాటిని కొననివ్వకండి. మనకు మండువేసవి అయిన ఆ రోజుల్లో అక్కడ వసంతం నడుస్తూ ఉంటుంది. ఆ ఊళ్లో మంచు కురవదు, గడ్డకట్టే చలి ఉండదు. పగలు 17, 18 డిగ్రీలు, రాత్రి 10 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అక్కడ మనిషిని వణికించేది గాలి. అందువల్ల మీ పెట్టె చలికోసం కాక, గాలికోసం సర్దుకోవాలి.

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మీకు సముద్రపుటొడ్డు అంటే ఉక్కపోత, జిడ్డు చెమట. శాన్‌ఫ్రాన్సిస్కో కూడా కొండల మధ్య, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరే కదా అని మీరు అనుకోవచ్చు. కానీ మే నెలలో మన బంగాళాఖాతం నీరు 28 డిగ్రీలు దాటి ఉంటే, అక్కడి పసిఫిక్ నీరు 12 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. వసంతం రాగానే వాయవ్య దిక్కు నుంచి తీరం వెంబడి బలమైన గాలులు వీస్తాయి; అవి పైనున్న నీటిని తీరానికి దూరంగా నెడుతుంటే, ఆ చోటులోకి అడుగునున్న చల్లని నీరు ఉబికి వస్తుంది. ఆ నీటి మీదుగా వచ్చే గాలి చల్లబడుతుంది, అందులోని తేమ పొగమంచుగా మారుతుంది. మధ్యాహ్నానికి కాలిఫోర్నియా లోపలి మైదానం వేడెక్కి అక్కడి గాలి పైకి లేవడంతో, ఈ చల్లగాలి అంతా తీరపు కొండల మధ్య ఉన్న గోల్డెన్ గేట్ సందులోంచి లోపలికి దూసుకుపోతుంది. ఆ సందు పక్కనే ఉన్నది మీరు చూడబోయే నగరం. అందుకే ఉదయం మబ్బుగా, మధ్యాహ్నం నిర్మలంగా ఉన్న ఊరు మూడు నాలుగు గంటలయ్యేసరికి ఈడ్చికొట్టే గాలితో మారిపోతుంది.

గంటను బట్టే కాదు, పేటను బట్టి కూడా అక్కడ వాతావరణం మారుతుంది. నగరం నడుమ ట్విన్ పీక్స్ అనే కొండలున్నాయి. వాటికి పడమరన, సముద్రం వైపున్న సన్‌సెట్, రిచ్‌మండ్ పేటల్లో పొగమంచు కమ్ముకున్న వేళకే, తూర్పున కొండ చాటున ఉన్న మిషన్ పేటలో జనం పొట్టిచేతుల చొక్కాలతో ఎండ కాగుతూ ఉంటారు. ఇక పిన్ని వాళ్ల ఫ్రీమాంట్ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతలి ఒడ్డున ఉండడం వల్ల ఇంకా వెచ్చగా ఉంటుంది. ఇంటి దగ్గరి ఎండను నమ్ముకుని పలుచని బట్టలతో బార్ట్ రైలెక్కినవారు నగరంలో దిగి వీధిలోకి రాగానే చేతులు ముడుచుకుంటారు. పర్యాటకులు గబగబా ఆ ఊరి పేరు అచ్చువేసిన ఉన్ని చొక్కాలు కొనుక్కునేది ఇందుకే. ఆ దుకాణాలు నడిచేది సగం ఈ గాలి పుణ్యాన అని నా అనుమానం.

కాబట్టి పొరలు పొరలుగా వేసుకోవాలి. ఒంటికి ఆనుకుని పొట్టిచేతుల నూలు చొక్కా, దాని మీద నిండుచేతుల చొక్కా గానీ పలుచని స్వెటర్ గానీ, ఆ పైన గాలిని ఆపే తేలికపాటి విండ్‌చీటర్. దానికి తలమీదికి లాక్కునే టోపీ, జిప్పున్న జేబులు ఉండాలి. ఎండ తగిలినప్పుడు ఒక్కొక్కటి తీసి సంచిలో పెట్టుకోవచ్చు, గాలి లేచినప్పుడు మళ్లీ వేసుకోవచ్చు. వీటిలో పై పొర అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో అల్లిన స్వెటర్ ఎంత మందంగా ఉన్నా దాని అల్లిక సందుల్లోంచి గాలి నేరుగా ఒంటికి తగులుతుంది. అదే స్వెటర్ మీద కాగితమంత పలుచని విండ్‌చీటర్ వేసుకుంటే లోపలి వెచ్చదనం లోపలే ఉంటుంది. దుకాణంలో కొనేముందు ఆ గుడ్డను నోటికి గట్టిగా ఆనించి ఊదండి, అవతలివైపు అరచెయ్యి పెట్టి చూడండి. ఊపిరి చేతికి తగిలితే ఆ చొక్కా మీకు పనికిరాదు, ధర ఎంతైనా సరే.

గోల్డెన్ గేట్ వంతెన మీద మీరు తప్పక నడుస్తారు. 1937లో ప్రారంభమైన ఆ వంతెన సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు; మధ్యకు చేరేసరికి నీటికి ఎంతో ఎత్తున, ఏ చాటూ లేకుండా గాలికి ఎదురుగా నిలబడతారు. అక్కడ వదులు బట్టలు పనికిరావు. అమ్మాయీ, చున్నీ వేసుకుంటే రెండు కొంగులూ నడుముకు బిగించి కట్టుకో. లేదా దాన్ని ఇంట్లోనే వదిలి మెడకు చిన్న ఉన్ని మఫ్లర్ చుట్టుకో. నేను చీరతోనే నడిచాను గానీ, భుజం దగ్గర రెండు, కుచ్చిళ్ల దగ్గర రెండు పిన్నీసులు పెట్టుకుని, పైన పిన్ని విండ్‌చీటర్ తొడుక్కున్నాకే. అబ్బాయీ, నీ క్రికెట్ టోపీ ఆ వంతెన మీద నిలవదు; చెవులు కప్పే ఉన్ని టోపీ తీసుకో. మీ తాతయ్య మంకీ క్యాప్‌ను చూసి ఇన్నాళ్లూ నవ్వినవాళ్లు అక్కడ దాని విలువ తెలుసుకుంటారు. ఆల్కట్రాజ్ ద్వీపంలోని పాత జైలు చూడడానికి పడవెక్కినప్పుడు కూడా ఇంతే జాగ్రత్త కావాలి. ఫొటోల కోసం పై అంతస్తుకు వెళ్లేవారికి మరీను.

ఓషన్ బీచ్‌కు వెళ్లినప్పుడు మన ఆర్.కె. బీచ్‌లాగా ప్యాంట్లు మడిచి నీళ్లలో దిగుదామనుకోవద్దు. ఆ నీటి చలికి నిమిషాల్లో కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పైగా అక్కడి లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాంతకమైనవి. ఈత బట్టలు పెట్టెలో పెట్టవలసిన పనే లేదు.

బూట్లు మాత్రం మంచివి కొనుక్కోండి. ఆ ఊరి వీధులు కొండల మీదికి నిట్టనిలువుగా ఎక్కుతాయి. ఫిల్బర్ట్ వీధిలో ఒకచోట వాలు 31 శాతం దాటుతుంది. కొన్ని చోట్ల కాలిబాటకు బదులు మెట్లే కట్టారు. ఎక్కేటప్పుడు పిక్కలు, దిగేటప్పుడు కాలివేళ్లు నొప్పి పుడతాయి కనుక, అడుగుభాగం జారనివి, వేళ్ల దగ్గర కాస్త చోటున్నవి ఎంచుకోవాలి. కొత్త బూట్లను ప్రయాణానికి ముందే వేసుకుని కైలాసగిరి మెట్లు ఎక్కి దిగితే, కరిచేది ఇక్కడే కరిచి ఊరుకుంటుంది. నాలుగైదు జతల మేజోళ్లు ఉంచుకోండి. హవాయి చెప్పులు ఇంట్లో తిరగడానికే.

మే నెలలో వాన తక్కువే. పడినా ఆ గాలికి గొడుగు తిరగబడి ఊచలు విరుగుతాయి. విండ్‌చీటర్ టోపీ చాలు. చల్లగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకండి, ముఖం కమిలిన సంగతి సాయంత్రం దాకా తెలియదు. పెదవులకు రాసుకునే వాసెలిన్ జేబులోనే ఉండాలి. కొబ్బరినూనెను సన్నమూతి సీసాలో తీసుకెళ్తే అక్కడ గడ్డకట్టి చుక్క కూడా రాదు. వెడల్పు మూత ఉన్న డబ్బాలో పోయించుకోండి, వేలితో తీసుకోవచ్చు.

మీ అమ్మ ఎలాగూ కందిపొడి, ఆవకాయ కట్టిస్తుంది. రెండూ పెద్దపెట్టెలోనే వెళ్లాలి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకు మించి పొడులుంటే విడిగా పరీక్షిస్తారు, అనుమానం తీరకపోతే అక్కడే వదిలేయమంటారు. మామిడిపళ్లు, కరివేపాకు అసలే వద్దు. నిమ్మ, నారింజ జాతి చెట్లకు తెగులు మోసే పురుగు కరివేపాకుతో వస్తుందని దాన్ని రానివ్వరు. తెచ్చిన తినుబండారాల గురించి విమానాశ్రయంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన ఇస్త్రీపెట్టె కూడా తీసుకెళ్లకండి, అక్కడి కరెంటు 120 వోల్టులే. ఫోను ఛార్జర్లు పనిచేస్తాయి గానీ, రెండు బల్లపరుపు పుల్లలున్న అడాప్టర్ ఒకటి కావాలి. పవర్ బ్యాంకు, ఒక స్వెటర్ చేతిసంచిలో ఉంచుకోండి. విమానంలోనే మొదటి చలి మొదలవుతుంది.

వీపుకు తగిలించుకునే చిన్న సంచి ఇద్దరికీ చెరొకటి ఉండాలి. తీసిన స్వెటర్, నీళ్ల సీసా, పాస్‌పోర్టు నకలు అందులో పట్టాలి. ఆ నగరంలో ఆగివున్న కార్ల అద్దాలు పగలగొట్టి సంచులు ఎత్తుకుపోవడం మామూలు కనుక, బాబాయి కారు ఎక్కడ ఆపినా ఆ సంచి మీ వీపు మీదే దిగాలి, సీటు మీద చున్నీ అయినా వదలకూడదు.

సర్దడం పూర్తయ్యాక పెట్టె బరువు తూచి నాకు ఫోను చేయండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ