సిమ్యులేటర్‌లో 92, ప్లేట్ మీద అతుక్కున్న రాడ్: వీఆర్ వెల్డింగ్ శిక్షణపై అపోహలు - వాస్తవాలు

నేను ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చెబుతాను. పదిహేడేళ్ళయింది. మా వర్క్‌షాప్‌లోకి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్ వచ్చిన దగ్గర్నుంచి పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా దాని గురించే అడుగుతున్నారు. "నిప్పే లేకుండా వెల్డింగ్ ఎలా నేర్పుతారండీ?" అని ఒకాయన. "అయితే ఇంక మాస్టార్లతో పనేముంది?" అని ఇంకొకాయన. ఇద్దరూ తప్పే, కానీ వేర్వేరు రకాలుగా తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

చూడనివాళ్ళ కోసం: వెల్డింగ్ హెల్మెట్‌లో నల్లద్దం బదులు చిన్న తెరలుంటాయి. చేతిలో అసలు హోల్డర్ లాంటిదే ఒక హోల్డర్. ఎదురుగా ప్లాస్టిక్ ముక్క. చెయ్యి ఎక్కడుంది, ఎంత వంగింది అన్నది సెన్సర్లు పసిగడతాయి. తెర మీద ఆర్క్ (రాడ్‌కీ ప్లేట్‌కీ మధ్య వెలిగే కరెంటు మంట), పొగ, బీడ్ (కరిగిన లోహం గట్టిపడి ఏర్పడే అతుకు గీత) కనిపిస్తాయి.

అపోహ: ఇది పిల్లల వీడియో గేమ్

ఈ మాట కొత్తది కాదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన నేల మీదే విమానం నడపడం నేర్పే యంత్రం తయారుచేశాడు. వాళ్ళది పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కుటుంబం. ఆ గాలితిత్తులతోనే దాన్ని అటూ ఇటూ ఊపాడు. మొదట్లో కొన్నది ఎగ్జిబిషన్లలో ఆటలు పెట్టేవాళ్ళు. సైన్యం 1934లో కొంది, అది కూడా చెడు వాతావరణంలో టపా మోస్తూ పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్నాక. ఇవాళ సిమ్యులేటర్ ఎక్కకుండా ఎయిర్‌లైన్ పైలట్ అవడం కుదరదు.

మా పనిలో దీని ఉపయోగం ఎక్కడో చెబుతాను. చూసేవాళ్ళకి వెల్డింగ్ అంటే చెయ్యి పక్కకు జరపడమే. కానీ రాడ్ కరిగి పొట్టిదవుతుంటుంది కదా, చెయ్యి పక్కకు జరుగుతూనే అదే లెక్కలో కిందికీ దిగాలి. రాడ్ కొనకూ ప్లేట్‌కూ మధ్య ఎడం దాదాపు రాడ్ మందమంతే ఉండాలి. 3.15 మిల్లీమీటర్ల రాడ్ అయితే దాదాపు 3 మిల్లీమీటర్లు. అది పెరిగితే చిటపటలు, తగ్గితే అతుక్కోవడం. దీనికి తోడు వర్క్ యాంగిల్ (రాడ్ జాయింట్‌కి అడ్డంగా ఎంత వంగింది), ట్రావెల్ యాంగిల్ (వెళ్ళే దిక్కుగా ఎంత వంగింది), స్పీడ్. రాడ్ అయిపోయేది నిమిషం, నిమిషంన్నరలో. ఆ నిమిషంలో కుర్రాడు ఎక్కడ తప్పాడో నాకు పూర్తిగా కనబడదు, వాడికి అసలే తెలియదు. "చెయ్యి దించరా" అని అరవడమే ఇన్నాళ్ళూ నా పాఠం. ఇప్పుడు రీప్లే వేసి, "ఇదిగో, నాలుగో సెంటీమీటర్ దగ్గర మోచెయ్యి లేచింది, చూడు" అంటున్నాను. ఈ ఒక్కదానికే నేను ఆ యంత్రానికి దండం పెడతాను.

అపోహ: సిమ్యులేటర్‌లో మార్కులొస్తే వెల్డర్ అయిపోయినట్టే

మా బ్యాచ్‌లో ఒకడికి సిమ్యులేటర్ మీద వందకి 92 వచ్చింది. స్క్రీన్‌షాట్ ఇంటికి కూడా పంపుకున్నాడు. మర్నాడు బూత్‌లో, అంటే అసలు వెల్డింగ్ చేసే అరలో, నిజం రాడ్ పట్టుకున్నాడు. ఆర్క్ వెలిగించడానికి గీయగానే రాడ్ ప్లేట్‌కి అతుక్కుపోయింది. రాడ్ ఎర్రబడుతోంది, మెషిన్ మూలుగుతోంది, వాడు మాత్రం బిగుసుకుపోయి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "హోల్డర్ లివర్ నొక్కి రాడ్ వదిలెయ్!" అని నేను కేకేస్తే గానీ కదల్లేదు. మొత్తం తరగతి నవ్వింది. నవ్వినవాళ్ళలో సగం మందికి మధ్యాహ్నం అదే జరిగింది.

తెర మీద లేనివి ఏమిటంటే: కాలర్‌లో పడే నిప్పురవ్వ, గ్లవ్ లోపల చెమట, చల్లారుతూ ప్లేట్ ఒక పక్కకు గుంజుకోవడం. వీటన్నిటికంటే పెద్దది స్లాగ్, అంటే రాడ్ పైపూత కరిగి లోహం మీద తేలే మడ్డి. కరిగిన లోహం మీద స్లాగ్ కూడా ఎర్రగా పారుతుంటుంది. కొత్తవాడు దాన్నే లోహం అనుకుని వెంటపడతాడు. చల్లారాక చిప్పింగ్ హ్యామర్‌తో కొడితే కింద సగం ఖాళీ. లోహపు మెరుపు వేరు, స్లాగ్ మెరుపు వేరు. ఆ తేడా కంటికి పట్టాలంటే ప్లేట్లు తగలెయ్యాల్సిందే. ఇంతవరకు నేను చూసిన ఏ తెరా దాన్ని సరిగ్గా చూపించలేదు.

ఇంకో చిక్కు ఉంది. సిమ్యులేటర్ చెయ్యి సరిగ్గా ఉంటే పచ్చ గుర్తు, తప్పితే ఎర్ర గుర్తు చూపిస్తుంది. కుర్రాళ్ళు బీడ్‌ని చూడడం మానేసి పచ్చ గుర్తునే చూస్తారు. క్షణక్షణం సలహా అందుతుంటే అప్పటికి బాగా చేసి, సలహా ఆగగానే తడబడతారని చేతిపనులు ఎలా వస్తాయో పరిశోధించేవాళ్ళు 1980ల నుంచే చెబుతున్నారు. అందుకే నేను మూడో రోజు నుంచి గుర్తులు ఆఫ్ చేస్తాను. మార్కులు ఢమాల్‌మని పడతాయి. అలిగేవాళ్ళు అలుగుతారు.

అపోహ: ఖర్చంతా మిగిలిపోతుంది

కొంత మిగులుతుంది. మొదటి వారాల్లో ఆర్క్ వెలిగించడం, తిన్నగా గీత గీయడం కోసమే కట్టలకొద్దీ రాడ్లు పోయేవి. కానీ యంత్రం ఖరీదు, సాఫ్ట్‌వేర్, రిపేర్లు ఎవరూ లెక్కలో వెయ్యరు. పైగా బ్యాచ్‌లో 20 మంది, యంత్రం ఒకటి. నాకు తెలిసిన ఒక చోట రిబ్బన్ కట్ చేసిన రోజు కప్పిన గుడ్డ అలాగే ఉంది. పాడైతే ఎవరి జీతంలో కోస్తారో అని ఎవరూ ముట్టుకోరు. అలాంటి చోట మిగిలింది దుమ్మే.

అపోహ: ఫోన్‌లో 360 డిగ్రీల వీడియో చూసినా అంతే

కాదు. అది చూడడం, ఇది చెయ్యడం. ఈత వీడియో చూసి చెరువులో దూకం కదా.

అపోహ: కళ్ళు పాడవుతాయి, తల తిరుగుతుంది

ఒంటికి కదలిక లేకుండా కంటికి మాత్రం కదలిక కనిపిస్తే కడుపులో తిప్పుతుంది. డ్రైవింగ్ సిమ్యులేటర్లలో ఇది ఎక్కువ. వెల్డింగ్‌లో తల దాదాపు ఒకే చోట ఉంటుంది కాబట్టి మా దగ్గర తక్కువ. కళ్ళు అలసిపోవడం మాత్రం నిజమే. దగ్గరి వస్తువును చూస్తున్నట్టు అనిపించినా చాలా హెడ్‌సెట్లలో కంటి ఫోకస్ మీటరో రెండు మీటర్లో దూరంలోనే ఉంటుంది. ఇరవై నిమిషాలకు మించి కూర్చోనివ్వను.

నన్ను భయపెట్టేది తెర కాదు, తెర నేర్పే అలవాటు. సిమ్యులేటర్‌లో హెల్మెట్ ఎప్పుడు ఎత్తినా ఏమీ కాదు. అదే చనువుతో బూత్‌లో హెల్మెట్ ఎత్తేసరికి పక్కవాడు ఆర్క్ వెలిగిస్తాడు. అప్పటికేమీ తెలియదు. రాత్రి పడుకున్నాక కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్ళు. ఆర్క్‌లోని అల్ట్రావయొలెట్ కాంతి దెబ్బ అది, కొన్ని గంటలాగి బయటపడుతుంది. బంగాళదుంప ముక్కలు పెట్టుకుని కూర్చోకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇది చూశాకే సిమ్యులేటర్ దగ్గర కూడా ఏప్రాన్, గ్లవ్స్ వేసుకోవాలని, ఆర్క్ వెలిగించే ముందు "కళ్ళు!" అని కేకెయ్యాలని రూల్ పెట్టాను. ఏసీ గదిలో ప్లాస్టిక్ ముక్క ముందు ఆ కేకలు విని ఆఫీసువాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

అపోహ: ఇంక మాస్టార్ అక్కర్లేదు

అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2011లో ప్రచురించిన పరిశోధనలో, సగం సమయం వీఆర్ మీద, సగం సమయం అసలు వెల్డింగ్ మీద నేర్చుకున్నవాళ్ళు పాత పద్ధతిలో నేర్చుకున్నవాళ్ళకంటే మెరుగ్గా సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. తర్వాత పూర్తిగా వీఆర్ మీదే నేర్పి కూడా చూశారు. తేలిక జాయింట్లకు అది సరిపోయింది, కష్టమైనవాటికి సగం సగమే మేలైంది. నా అనుభవమూ అదే. గల్ఫ్‌కి పైప్ వెల్డర్లుగా వెళ్ళేవాళ్ళు చాలాసార్లు ట్రేడ్ టెస్ట్‌లో 6జీ ఇవ్వాలి, అంటే 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ తిరుగుతూ అతకాలి. సగం పని ఒళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి చేసేదే. దానికి నిజం పైపు కావాలి, పక్కన తిట్టేవాడూ ఉండాలి.

యంత్రంలో రాడ్లు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. మా దగ్గర వారం నుంచి ముసురు. నిన్న ఆ 92 మార్కుల వాడే వచ్చి, "సార్, నా బీడ్ నిండా చిల్లులే, చెయ్యి బాగానే ఉంది కదా?" అన్నాడు. చెయ్యి నిజంగానే బాగుంది. తేమ తగలకూడని 7018 రకం రాడ్ల ప్యాకెట్ విప్పి రాత్రంతా కిటికీ పక్కన వదిలేశాడు. తేమ పీల్చుకున్న రాడ్ అది. ఓవెన్‌లో 300 డిగ్రీల దరిదాపుల్లో ఆరబెట్టాక అదే చెయ్యి, అదే ప్లేట్, చిల్లు లేదు. రేపు మొదటి పీరియడ్ అందరికీ ఓవెన్ దగ్గరే.