దూరపు కొండలు నునుపే కాదు, నీలం కూడా

విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లె బొమ్మ వేసేవాళ్లకు పడమట తూర్పు కనుమలు సిద్ధంగా ఉంటాయి. ముందు వరిచేను, గట్టు మీద తాటిచెట్లు, వెనక కొండ. చాలామంది కొండను చిన్నగా గీసి, తాటిచెట్టుకు వేసిన ముదురాకుపచ్చే దానికీ పూసేస్తారు. ఇంకేముంది, చెట్టూ కొండా పక్కపక్కన నిలబడ్డట్టుంటాయి. చిన్నగా గీయడంతో సగం పనే అయింది. మిగతా సగం గాలిది.

ఎండలో గాలి అణువులు కాంతిని చెదరగొడతాయి. తరంగదైర్ఘ్యం, అంటే కాంతి అల పొడవు, సగానికి తగ్గితే చెదరడం 16 రెట్లు పెరుగుతుంది. 450 నానోమీటర్ల నీలం, 700 నానోమీటర్ల ఎరుపు కంటే సుమారు 6 రెట్లు ఎక్కువ చెదురుతుంది. తర్వాత లార్డ్ రేలీ అయిన బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జాన్ స్ట్రట్ 1871లో తేల్చిన లెక్క ఇది. ఆకాశం నీలంగా ఉండేది ఇందుకే, కొండ నీలంగా కనిపించేదీ ఇందుకే.

ఆ నీలం కొండది కాదు, దారిలో కలిసింది. నల్లటి చోటు నుంచి కంటికి వచ్చే వెలుగే తక్కువ కాబట్టి, గాలి కలిపిన నీలం అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపు సంగతి వేరు. దాని వెలుగులోని నీలం దారిలోనే కొంత పోతుంది. అందుకే బాగా దూరాన ఉన్న తెల్లమబ్బు కాస్త పసుపు తిరుగుతుంది. దూరమైతే అన్నీ నీలమే అని నేర్పే పాఠం నాకు నచ్చదు.

కాబట్టి ముందు నీడలు చూడండి. దగ్గరి తాటిమొదలు నీడ దాదాపు నలుపు. అవతలి తోపులో అదే నీడ బూడిద రంగు. కొండ లోయలో లేత నీలం. వాటర్ కలర్‌లో అయితే అల్ట్రామెరైన్ నీలం, చిటికెడు బర్న్ట్ సియన్నా అనే ఎర్రటి గోధుమరంగు, బోలెడు నీళ్లు చాలు.

దూరపు తాటాకులకు చీలికలు గీయడం దండగ. 100 మీటర్ల దూరంలో సుమారు 3 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని మామూలు కన్ను విడదీయలేదు. కిలోమీటరు దూరంలోనైతే 30 సెంటీమీటర్లు.

ఇదంతా గాలి తేటగా ఉన్నప్పటి మాట. సంక్రాంతి పొద్దుల్లో పొగమంచు బిందువులు పెద్దవి, అన్ని రంగుల్నీ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. కొండ తెల్లబడుతుంది, లేదా మాయమవుతుంది. సాయంత్రం పొద్దుకు ఎదురుగా చూస్తే, మంద లేపిన దుమ్ము బంగారు రంగులో వెలుగుతుంది. అప్పుడు నీలం పూస్తే అబద్ధమే. ఇక వాన వెలిసిన మర్నాడు కొండ ఊరి పక్కకే వచ్చినట్టుంటుంది. ఆ రోజు బొమ్మలో లోతు కావాలంటే గాలిని నమ్ముకోలేం, సన్నబడుతూ పోయే గట్లూ బండిబాటలే దిక్కు.